గుడ్డ కప్పితే యాది అవుతుందా?

ఫాతిమానగర్ నుంచి సోమిడి దాకా ఒకసారి గల్లీ గల్లీ నడిచి చూడండి. ఏదో ఒక గేటు లోపల, మెట్ల కిందో రేకుల షెడ్డులోనో, గుడ్డ కప్పిన కారు ఒకటి కనిపిస్తుంది. అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, పాత మారుతి 800 అయినా కావచ్చు. గాలి లేని టైర్ల మీద చతికిలబడి ఉంటుంది. ఎవరిదని అడిగితే "మా నాయిన యాది" అంటారు. అమ్మరు, నడపరు, బాగు చేయించరు. నా గొడవంతా ఆ యాదితోనే.

మా ఇంట్లోనూ పదమూడేళ్లు అట్లాంటిదొకటి ఉండింది. 1986 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోలు బండి. మా మామయ్య కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి, రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులతో సెకండ్ హ్యాండులో కొన్నారు. 2012లో ఆయన పోయారు. పదిరోజుల కార్యం అయిన మర్నాడు మా మరిది బజారుకు వెళ్లి టార్పాలిన్ తెచ్చి కప్పాడు. "వదినా, దీన్ని ఎవరూ ముట్టకుండ్రి, నాయిన యాది" అని కండ్లనీళ్లు పెట్టుకుని బెంగళూరు బండెక్కాడు. ఆ కండ్లనీళ్లు నిజమైనవే. నేను కాదనను. కానీ ఆ తర్వాత పదమూడేళ్లు ఆ యాది చుట్టూ ఊడ్చింది ఎవరు? బానెట్ కింద ఎలుకలు గూడు పెడితే వాటిని తోలింది ఎవరు? వానాకాలం షెడ్డులోకి నీళ్లొస్తే ఇటుకలు పేర్చింది ఎవరు? యాది వాళ్లది, చాకిరీ మనది. మీ ఇంట్లో కారు లేకపోతే హార్మోనియమో, రాయల్ ఎన్‌ఫీల్డో, నాన్నగారి పడక కుర్చీయో ఉండే ఉంటుంది. పేరు మారుతుంది, చీపురు పట్టుకునే చెయ్యి మారదు.

దసరా సంగతి చెప్తే నవ్వుతారు. ప్రతి ఏడాదీ ఆయుధపూజ నాడు ఆ టార్పాలిన్ మీదనే బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. ఎదురుగా కొబ్బరికాయ. చక్రం తిరగని బండికి నిమ్మకాయ ఎందుకు? కదలని చక్రం దాన్ని తొక్కుతుందా? ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ మార్చిన వాళ్లు లేరు గానీ పసుపు కుంకుమలకు లోటు రానివ్వలేదు. పూజ అంటే సేవ అని నేను డిగ్రీ తెలుగులో చదువుకున్నాను. మా ఇంట్లో మాత్రం సేవ చేయకుండా తప్పించుకునే పద్ధతి పేరు పూజ అయింది.

మామయ్య బతికి ఉంటే ఊరుకునే మనిషి కాదు. షెడ్డు భాషలో తన బలంతో నడవని ఇంజన్ని, వేరే ఇంజను లాక్కుపోయే దాన్ని, డెడ్ ఇంజన్ అంటారు. రైలింజనుకు ఇన్ని రోజులకు ఈ చెకింగు, ఇన్ని నెలలకు ఆ చెకింగు అని షెడ్యూలు ఉంటుంది, అది తప్పితే పై ఆఫీసరు ఊరుకోడు. జీవితమంతా ఆ షెడ్యూలు ప్రకారం బతికిన మనిషి జ్ఞాపకాన్ని డెడ్ ఇంజన్ చేసి పెట్టడం గౌరవమా? నాకైతే అవమానంలా కనిపించింది.

అందుకే పోయిన ఏడాది నా చీటీ డబ్బు వచ్చినప్పుడు బండిని బాగు చేయించాలని నిర్ణయం తీసుకున్నాను. మా ఆయన "చూద్దాం" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అది "వద్దు" కాదు, "నువ్వే చేసుకో" అని. మరిది మాత్రం ఫోనులోనే లేచాడు. "ఆడవాళ్లకెందుకు వదినా ఈ మెకానిక్ పనులు? ఈ దసరాకు నేనొచ్చి కొత్త బ్యాటరీ పెట్టి ఒక్క సెల్ఫ్ కొడితే అదే స్టార్టయితది."

ఈ "ఒక్క సెల్ఫ్ కొడితే" అనే మాట మీద కాస్త ఆగుతాను. ఇది ప్రతి ఇంట్లో మగవాళ్లు చెప్పే మాట, బండిని పూర్తిగా పాడుచేసే మాట కూడా ఇదే. పదమూడేళ్లు ఆగిన ఇంజన్లో నూనె అంతా కిందికి జారిపోయి ఉంటుంది. సిలిండర్ల గోడలు ఎండిపోతాయి, పిస్టన్ రింగులు తుప్పుతో వాటికి అతుక్కుపోతాయి. అట్లాంటప్పుడు సెల్ఫ్ కొడితే రింగులు విరగొచ్చు, గోడలు గీసుకుపోవచ్చు. హనుమకొండ నుంచి వచ్చిన పెద్దాయన, ఒకప్పుడు టాక్సీ అంబాసిడర్లు బాగు చేసిన మెకానిక్, వచ్చిన రోజు తాళం చెవి అడగనే లేదు. నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కొంచెం కొంచెం నూనె పోసి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ పోశాడు. నాలుగో రోజు ముందు బంపర్లోంచి స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి చేత్తో మెల్లగా తిప్పాడు. మొదట కదలలేదు. బలవంతం చేయలేదు, ఇంకో రెండు రోజులు ఆగాడు. ఆరో రోజు "గుర్ర్" మని మూలిగి సగం చుట్టు తిరిగింది. ఇడ్లీపిండి గ్రైండరు ఏడాది వాడకపోతే రాయి ఎట్లా పట్టేస్తుందో మీకు తెలుసు కదా? దాన్ని ఒక్కసారిగా స్విచ్ వేసి తిప్పుతామా? ఇదీ అంతే.

తర్వాత ఆయన చూసింది ఇంజన్ కూడా కాదు, బ్రేకులు. "అమ్మా, నడవని బండితో ప్రమాదం లేదు. ఆగని బండితోనే ప్రమాదం" అన్నాడు. బ్రేక్ ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ తేమతో వీల్ సిలిండర్ల లోపల తుప్పు పడుతుంది, రబ్బర్లు గట్టిపడతాయి. నాలుగు చక్రాల డ్రమ్ములు విప్పితే రెండు సిలిండర్లు పూర్తిగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ గట్టిపడ్డ రబ్బరు ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. అచ్చం పాత కుక్కర్ గాస్కెట్. ఆకారం ఉంటుంది, పని ఉండదు. పైకి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది గనుక మోసపోతాం.

పెట్రోలు ట్యాంకు మూత తీస్తే పెయింటు వాసన. పెట్రోలు కూడా నూనెలాగే మక్కిపోతుంది, జిగురుగా మారి పైపుల్లో, కార్బొరేటర్ సన్నటి రంధ్రాల్లో అతుక్కుంటుంది. ట్యాంకు దింపి లోపలి తుప్పు కడిగించాం. పెట్రోల్ పంపులో డయాఫ్రం చినిగి ఉంది, మార్చాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లో పాత బండి ఉంటే పనికొస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1986లో ఈ బండి చేసినవాళ్లు దాన్ని ఊహించలేదు. పాత రకం రబ్బరు పైపులు, సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బి పగిలిపోతాయి, పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని పెట్రోలు వెళ్లే ప్రతి రబ్బరు పైపునూ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించాను. "ఇప్పుడు అవసరం లేదులే" అని మా ఆయన అన్నారు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచే ఇల్లాలు ఎవరైనా ఉంటుందా? ఏది దేంట్లో పోయాలో తెలిసినవాళ్లం మనం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రేడియేటర్ కడిగించాం, ఫ్యాన్ బెల్టు మార్చాం. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు సన్నటి కాగితంతో రుద్ది శుభ్రం చేశాం, ఆ పని నేనే చేశాను. వైర్లు ఎలుకలు కొరికినంత మేర కొత్తవి. ఇంజన్ ఆయిలు మొత్తం తీసి కొత్తది పోశాం. టైర్లు ఐదూ పడేశాం. గుండీలు అరగలేదు, "ఇంకా కొత్తవే కదా" అని అందరూ అన్నారు. అరగకపోయినా టైరుకు వయసుంటుంది, పక్కల బీటలు చూడండి తెలుస్తుంది. మొత్తం ఖర్చు 86 వేలు. దీనికి రెండు నెలలు పట్టింది.

"ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదే" అంది మా పక్కింటి వదిన. 86 వేలకు ఇప్పుడు తులం కూడా రాదు వదినా అన్నాను. నవ్వి ఊరుకుంది గానీ ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. మీలో కొందరు కూడా అడుగుతారు, తుక్కుకు అమ్మి పారేయక ఎందుకీ తాపత్రయం అని. నా జవాబు ఇది. నడిపించే ఓపిక, డబ్బు లేకపోతే అమ్మేయండి. అందులో పాపం లేదు. నడిపే మనిషికి అమ్మండి, మన అంబాసిడర్ల కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో, తెలంగాణ రావడానికి తొమ్మిది రోజుల ముందు, అంబాసిడర్ తయారీ ఆపేసింది. ఇక కొత్తవి రావు. ఉన్నవి తగ్గడమే. కాబట్టి నడపండి, లేదా నడిపేవాళ్లకు ఇవ్వండి. ఈ రెండూ చేయకుండా మూలన కుళ్లబెట్టి దానికి ప్రేమ అని పేరు పెట్టడమే నాకు గిట్టదు. ఇంట్లో పెద్దవాళ్ల విషయంలోనూ కొందరు ఇదే చేస్తారు. "మా అమ్మను మేమే చూసుకుంటాం" అని చెప్పి వెనక గదిలో మంచం వేసి వదిలేస్తారు. అదీ గుడ్డ కప్పడమే.

ఇంకో రకం వాళ్లున్నారు. బండి స్టార్టయిందని తెలియగానే మరిది గొంతు మారింది. "వదినా, మంచి ఎరుపు రంగు వేయిద్దాం, అలాయ్ వీల్స్ పెట్టిద్దాం, మా దోస్తు కొడుకు ప్రీ వెడ్డింగ్ షూటుకు ఖిలా వరంగల్ తీసుకుపోదాం" అన్నాడు. పదమూడేళ్లు ముట్టుకోవద్దన్న యాది పది నిమిషాల్లో ఫోటోల బండి అయిపోయింది! బయటికి మెరుపు, లోపల పాత వైర్లు. ముందు లోపలిది, తర్వాత రంగు. రంగు లేకుండా అయినా బండి నడుస్తుంది, బ్రేకు లేకుండా నడవదు.

హైదరాబాదు వెళ్తే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూడండి. సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే, అది వచ్చేసరికి ఆయన లేరు, ఏడో నిజాం చేతికి వచ్చింది. లోపల సింహాసనం లాంటి సీటు. అంత బండి తిరిగింది కొన్ని వందల మైళ్లేనట. ఏళ్ల తరబడి మూలన పడి, ఆ తర్వాత బాగుపడింది. ఆ ప్యాలెస్ మొత్తాన్ని శిథిలం నుంచి లేపింది కూడా ఒక ఆడమనిషే, ప్రిన్సెస్ ఎస్రా. కార్ల మ్యూజియానికి వెళ్లిన మగవాళ్లు ఆ బండి ముందు నిలబడి సెల్ఫీ దిగుతారు, ఆమె పేరు మాత్రం ఎవరూ అడగరు.

అసలు "ఆడవాళ్లకెందుకు" అన్న మాటకు 1888లోనే జవాబు దొరికింది. జర్మనీలో కార్ల్ బెంజ్ మోటారు బండి చేశాడు గానీ కొనేవాళ్లు లేరు. దాన్ని దూరప్రయాణానికి తీసిన మొదటి మనిషి ఆయన కాదు, ఆయన భార్య బెర్తా. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. ఆగస్టు నెలలో ఒక తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. సుమారు 104 కిలోమీటర్లు. మనకైతే కాజీపేట నుంచి బీబీనగర్ దాటినంత దూరం. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వైరు తొడుగు ఊడిపోతే తన మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్క అరిగిపోతే ఊళ్లో చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొంది. పిన్నీసు, పట్టీ, చెప్పులు కుట్టే ఆయన, మందుల దుకాణం. ఇందులో మనకు తెలియని వస్తువు ఒక్కటి చెప్పండి.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను, అంటే కాగితాల గొడవకు.

ఇంజన్ నడిచినంత మాత్రాన బండి రోడ్డెక్కకూడదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, ఫిట్‌నెస్ చూపించి. మామయ్య ఉన్నప్పుడు చేయించారు, ఆయన తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. యాది కదా, యాదికి ఫిట్‌నెస్ ఎందుకు! ఆలస్యానికి రుసుములు పడతాయి. 2022లో కారు రెన్యువల్ ఫీజు 5 వేలకు పెంచారు, 2025 నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు 10 వేలు. పైగా గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామంటే 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటాలి, ఒరిజినల్‌గా ఉండాలి, అప్పుడు కూడా రోజువారీ తిరగడానికి లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకే. మా బండికి ఇంకా 39. యాభై దాటితే గౌరవం, అప్పటిదాకా "పాతది" అనే మాట. నలభైల్లో ఉన్న నేను ఈ నిబంధన చదివి కాసేపు నవ్వుకున్నాను.

రెన్యువల్ కంటే ముందు పేరు మార్చాలి. ఓనరు చనిపోతే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31. ఎవరి పేరు మీదికి? ఇంట్లో ఎవరూ ఈ ప్రశ్నే వేయలేదు, పెద్దకొడుకు పేరో చిన్నకొడుకు పేరో అన్నదే చర్చ. నేను అత్తమ్మ పేరు చెప్పాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. భార్య మొదటి వరుస వారసురాలని చట్టమే చెప్తుంది, ఆడబిడ్డకూ సమానంగా ఉంది. కానీ బండి అనగానే ఆ లెక్క ఎవరికీ గుర్తు రాదు.

అత్తమ్మకు 74. ఆ బండి కొన్న రోజు నుంచి మామయ్య పోయేదాకా ఆమె వెనక సీట్లో ఎడమ పక్కనే కూర్చుంది. ముందు సీటు బెంచీ లాగా వెడల్పు, ముగ్గురు పట్టేది, గేరు కూడా స్టీరింగు పక్కనే కాబట్టి మధ్యలో అడ్డం లేదు. అయినా అక్కడ మామయ్య దోస్తులు కూర్చునేవాళ్లు. వేములవాడ పోయినా, ఆస్పత్రికి పోయినా ఆమె వెనకే. పెట్రోలు డబ్బుల కోసం నెలనెలా బియ్యం ఖర్చులో మిగిల్చింది ఎవరో ఆమెను అడిగితే తెలిసింది. ఇంజన్ మొదటిసారి పట్టుకున్న రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "షెడ్డు తలుపు తీయుండ్రి బిడ్డా, పొగకు సస్తరు" అంది. ఆ ఇంట్లో సరైన మాట అన్నది ఆమె ఒక్కతే. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది.

"నా పేరు మీద ఎందుకే, నాకు తోలుడొస్తదా?" అని కూడా అడిగింది. తోలడం రానివాళ్ల పేరు మీద బండ్లు ఉండకూడదంటే సగం ఊరి బండ్లు బయటికి తీయాలి అత్తమ్మా అన్నాను. ఈ మధ్య సాయంత్రం ఆవరణలోనే ముందుకూ వెనక్కూ నడుపుతున్నాను, ఆమె ముందు సీట్లో కూర్చుంటోంది. కాగితాలు అయ్యేదాకా గేటు దాటేది లేదు. "వారానికోసారి స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు" అని ఎవరైనా చెప్తే వినకండి. ఐదు నిమిషాలు నడిపి ఆపితే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, సైలెన్సర్లో నీరు చేరి తుప్పు పడుతుంది, బ్యాటరీలోంచి పోయింది తిరిగి నిండదు. బండి రోడ్డు మీద తిరగాలి. పది పదిహేను కిలోమీటర్లయినా తిరగాలి.

ఆడబిడ్డ కరీంనగర్ నుంచి తన అభ్యంతరం లేదని సంతకం పెట్టి కొరియర్లో పంపింది, లోపల ఒక చిన్న చీటీ మీద "వదినా, అమ్మను వేములవాడ తీసుకుపో" అని రాసింది. మా ఆయన పెట్టారు. మరిది కాగితం ఫోనులో చూసి "నాయిన పేరు తీసేస్తే ఇంక యాదేముంటది వదినా, చూద్దాం" అన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి అడుగుతున్నాను. ఇది ఏడో ఆదివారం.